రాయమన్నారు సార్, చూపించమనలేదు



"ఆదివారం పూట సంఘం హాల్లో మీరిద్దరూ ఏం చేస్తా ఉండారు? లోపల ముసలోళ్లు ఒకరి తర్వాత ఒకరు దగ్గతా ఉంటే రోడ్డు దాకా వినిపిస్తా ఉంది" అని ఈమధ్య ముగ్గురు నలుగురు అడిగారు. జవాబు ఒక మాటలో చెప్పేది కాదు, కొంచెం వెనక్కి పోవాలి. ఈ తూరి రాత పొడుగే. తీరిగ్గా చదవండి. ఇంట్లో డీఫార్మ్, బీఫార్మ్ చదివే పిలకాయలు ఉంటే వాళ్ల చేత కూడా చదివించండి.

మమ్మల్ని ఎరగనివాళ్ల కోసం రెండు మాటలు. మేము భార్యాభర్తలం, ఇద్దరమూ మందుల చదువు చదివినవాళ్లమే. మాలో ఒకరు ఇరవై ఏడేండ్లు డీఫార్మ్ కాలేజీలో పాఠాలు చెప్పారు, ప్రశ్నపత్రాలు తయారుచేశారు, పేపర్లు దిద్దారు. ఇంకొకరు సర్కారు ఆస్పత్రిలో మందులిచ్చే కిటికీ వెనక నిలబడి రిటైరయ్యారు. రాత్రి అన్నాలప్పుడు ఒకరు తరగతి కబుర్లు, ఒకరు కిటికీ కబుర్లు చెప్పుకునేవాళ్లము. ఆ రెండు కబుర్లకూ సంబంధం ఉండాలని మాకు చాలా ఏండ్లు తోచనే లేదు. మా మామ ఆ సంబంధం చూపించారు.

మామ అంటే మాలో ఒకరికి నాన్న, ఇంకొకరికి మామ. కేజీఎఫ్‌లో ఛాంపియన్ రీఫ్ గనిలో పనిచేసినాయన. భూమిలోకి మూడు కిలోమీటర్లకు పైగా దిగిన గని అది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేసినప్పుడు అందరిలాగే ఆయనా ఆ రోజంతా అన్నం తినలేదు. గని మూసేశారు గానీ, రాయి తొలిచేటప్పుడు లేచిన దుమ్ము మాత్రం ఊపిరితిత్తుల్లో ఉండిపోయింది. డాక్టర్లు దాన్ని సిలికోసిస్ అంటారు. కేజీఎఫ్‌లో బంధువులున్న వాళ్లకు ఆ పేరు కొత్తగా చెప్పనక్కరలేదు.

ఒక చలికాలం మామకు ఆయాసం ఎక్కువైంది. డాక్టరు పీల్చే క్యాప్సూళ్లు రాశారు. ఆ క్యాప్సూల్‌ను ఒక చిన్న ప్లాస్టిక్ పరికరంలో పెట్టి, అడుగు భాగం తిప్పి, లోపలి పొడిని నోటితో గట్టిగా పీల్చుకోవాలి. మామ తమ ఊర్లోనే ఒక అంగడిలో తెచ్చుకున్నారు. మేము బంగారుపేటలో, ఆయన కేజీఎఫ్‌లో. రోజూ రాత్రి ఫోన్ చేసి "మందు తీసుకుంటా ఉండావా మామా?" అని అడిగేవాళ్లము. "ఓ, తీసుకుంటా ఉండా, తప్పకుండా" అనేవారు. ఆయాసం మాత్రం తగ్గలేదు.

పంతొమ్మిదో రోజున డాక్టరు దగ్గరికి మళ్లీ తీసుకుపోయాము. ఆయన మాలాగా అడగలేదు. "ఎట్ల తీసుకుంటా ఉండావు తాతా, నా ముందర ఒకటి తీసుకో చూస్తా" అన్నారు. మామ జేబులోంచి క్యాప్సూల్ తీసి, నోట్లో వేసుకొని, సీసాలో నీళ్లు తాగి, మింగేశారు. పరికరం ఏదని అడిగితే, మందుతో పాటు ఉత్తగా ఇచ్చిన బొమ్మ అనుకొని, కొత్తది పాడైపోకుండా మునిమనవడి కోసం పెట్టెలో దాచిపెట్టామన్నారు.

డాక్టరు నవ్వలేదు. మేము తల వంచుకున్నాము. ఇద్దరు ఫార్మసిస్టులున్న ఇంట్లో ఒక పెద్దాయన ఊపిరితిత్తులకు పోవాల్సిన మందును పంతొమ్మిది రోజులు కడుపులోకి పంపించాడు. "తీసుకుంటా ఉండావా?" అన్నామే గానీ "చూపించు" అనలేదు. మా ప్రశ్నకు ఆయన నిజమైన జవాబే చెప్పారు. ప్రశ్నే తప్పు.

అదే రోజు కోపంగా ఆ అంగడికి పోయాము. లోపల నిలబడినవాడు మా దగ్గర చదివినవాడే. పేరు రాయము, ఊరు రాయము; వాడిప్పుడు బాగా స్థిరపడ్డాడు, మాకంటే జాగ్రత్తగా పని చేస్తాడు. తరగతిలో ముందు వరసలో కూర్చున్న పిల్లవాడు. జరిగింది చెబితే వాడి ముఖం తెల్లబోయింది. "నీకు ఈ పాఠం రాదా?" అని మాలో ఒకరు గొంతు పెంచారు. "వచ్చు సార్. ఏరోసాల్స్ ప్రశ్నకు మీరే అయిదుకు అయిదు వేశారు కదా" అన్నాడు. కాసేపు ఆగి, తల వంచుకొని, "రాయమన్నారు సార్, చూపించమనలేదు" అన్నాడు.

వాడు ఎదురు చెప్పాలని అన్న మాట కాదది. ఇంటికి వచ్చే దారిలో మా ఇద్దరికీ మాటల్లేవు.

ఆ రాత్రి అటక మీదున్న పాత ప్రశ్నపత్రాల కట్ట దించాము. అన్నీ మాలో ఒకరు తయారుచేసినవే, కాలేజీ లోపలి సెషనల్ పరీక్షలవి. ఒక పక్కన సిలబస్ పుస్తకం, ఇంకో పక్కన ఆ ప్రశ్నపత్రాలు పెట్టుకొని కూర్చున్నాము. సిలబస్ ఏమంటుంది? రోగికి మందు వాడే పద్ధతి వివరించగలగాలి, చీటీలో తప్పు ఉంటే పట్టుకోగలగాలి, జాగ్రత్తలు చెప్పగలగాలి. ప్రశ్నపత్రాలు ఏమంటున్నాయి? నిర్వచించండి, వర్గీకరించండి, లాభనష్టాలు రాయండి, లఘుటీక రాయండి. ఒక మనిషిని ఎదురుగా పెట్టుకొని ఆలోచించాల్సిన ప్రశ్నలు అన్ని ఏండ్ల కట్టలో ఒక చేతి వేళ్లకు మించలేదు.

సంఘంలో ఫార్మసీతో సంబంధం లేనివాళ్లకు అర్థం కావడానికి మన రోడ్డు మీది ఉదాహరణే చెప్తాము. డ్రైవింగ్ లైసెన్సుకు పోతే ముందు గుర్తులు అడుగుతారు. దాని తర్వాత ట్రాక్ మీద బండి తోలి చూపించమంటారు. గుర్తులు చెప్పినంత మాత్రాన లైసెన్సు ఇస్తే మన రోడ్డు మీద నడవగలమా? మందుల చదువులో మేము చేసింది దాదాపు అదే. గుర్తులు అడిగాము, లైసెన్సుకు అర్హుడని సంతకం పెట్టాము.

మాకు తెలిసింది కొత్త సంగతేమీ కాదు. జాన్ బిగ్స్ అనే ఆస్ట్రేలియా విద్యావేత్త 1996లోనే దీని గురించి రాశారు. కోర్సు చివర విద్యార్థి ఏం చేయగలగాలో ముందు తేల్చుకోవాలి. ఆ పనినే తరగతిలో చేయించాలి. పరీక్షలోనూ ఆ పనినే అడగాలి. మూడూ ఒకే గీత మీద ఉండాలి. పుస్తకంలో లక్ష్యాలు ఎంత గొప్పగా రాసుకున్నా, విద్యార్థి చూసేది పరీక్షనే. పరీక్షలో ఏది వస్తుందో అదే వాడికి అసలైన సిలబస్. మన పిలకాయలను అడగండి, "ఇంపార్టెంట్ ఏవి సార్?" అనే మొదట అడుగుతారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. ఏది ముఖ్యమో మేమే ప్రశ్నపత్రంతో చెప్తా ఉన్నాము.

ఇంకొకాయన అమెరికా వైద్య విద్యావేత్త జార్జ్ మిల్లర్. 1990లో ఆయన నాలుగు మెట్లు చెప్పారు. తెలుసు, ఎట్ల చేయాలో తెలుసు, చేసి చూపిస్తాడు, నిజంగా రోజూ పనిలో చేస్తాడు. ఏరోసాల్ అంటే ఏమిటో రాయడం మొదటి మెట్టు. ఫలానా ముసలాయనకు ఏ వరసలో ఏం చెప్తావో రాయడం రెండో మెట్టు. పరికరం చేతిలో పట్టుకొని ఆయనకు నేర్పించడం మూడో మెట్టు. అంగడిలో సాయంత్రం ఏడు గంటలకు పదిమంది క్యూలో ఉన్నా ఆ పని చేయడం నాలుగో మెట్టు. మా పరీక్ష మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయింది. మా మామకు కావాల్సింది నాలుగోది.

నియమాలు లేవని కాదు. పాత డీఫార్మ్ నిబంధనలు 1991 నాటివి. వాటి స్థానంలో ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2020లో కొత్తవి తెచ్చింది. కొత్త సిలబస్‌లో ప్రతి సబ్జెక్టుకూ ముందు లక్ష్యాలు, ఆ కోర్సు అయ్యాక విద్యార్థి ఏం చేయగలగాలో వివరంగా రాశారు. కమ్యూనిటీ ఫార్మసీ ప్రాక్టికల్స్‌లో ఇన్‌హేలర్లు, ఇన్సులిన్ పెన్ను, కంటి చుక్కలు లాంటివి వాడే పద్ధతి చేతితో నేర్పించాలని కూడా ఉంది. రెండేండ్ల చదువు తర్వాత 500 గంటల శిక్షణ, అందులో కనీసం 250 గంటలు చీటీలు చూసి మందులివ్వడం అనేది పాత రోజుల నుంచీ ఉన్నదే. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ అయితే రోగికి సలహా చెప్పడం ఫార్మసిస్టు బాధ్యత అని స్పష్టంగా చెప్తుంది. కాగితం మీద లక్ష్యం చక్కగానే ఉంది.

మరి ఎక్కడ జారిపోతా ఉంది? పరీక్ష వరకు వచ్చేసరికి జారిపోతా ఉంది. థియరీ పేపరు 80 మార్కులకు. అయిదు మార్కుల ప్రశ్నలు ఏడిస్తే ఆరు రాయాలి, మూడు మార్కులవి పదకొండు ఇస్తే పది రాయాలి, మిగతా ఇరవై ఒక్కో మార్కువి. పాస్ కావడానికి 40 శాతం చాలు. రోగితో మాట్లాడే పాఠాన్ని పూర్తిగా వదిలేసినవాడు కూడా హాయిగా గట్టెక్కుతాడు. ప్రాక్టికల్‌లో నేర్చుకున్నారా అంటే, రికార్డు పుస్తకంలో ఇన్‌హేలర్ బొమ్మ గీసి, పక్కన మెట్లు రాసి, సంతకం పెట్టించుకుంటారు. పరికరం అద్దాల బీరువాలో ఉంటుంది. బీరువా తాళం ఇంకొకరి దగ్గర ఉంటుంది.

ఎన్‌బీఏ గుర్తింపు కోసం ఇప్పుడు ఫార్మసీ కాలేజీలు ఒక పట్టిక నింపుతాయి. ఒక పక్క కోర్సు ఫలితాలు, ఇంకో పక్క మొత్తం చదువు ఇవ్వాల్సిన ఫలితాలు. రెండిటికీ సంబంధం తక్కువైతే 1, మధ్యస్థమైతే 2, గట్టిదైతే 3. ఆ ఫలితాల్లో రోగితో, జనంతో మాట్లాడే నేర్పు కూడా ఒకటి. ఆలోచన మంచిదే. కానీ అటువంటి పట్టికలను మేమూ నింపాము కాబట్టి చెప్తా ఉన్నాము: గడువు రోజున సాయంత్రం, చేతికి వచ్చినట్టు 3లు వేశాము. "రోగితో మాట్లాడగలడు" అన్న గడిలో మేము వేసిన 3కు ఆధారం ఏరోసాల్స్ లాభనష్టాల ప్రశ్న. ఆ పట్టికను ఎవరూ తప్పు పట్టలేదు. మామ మింగిన క్యాప్సూల్ ఒక్కటే తప్పు పట్టింది.

మాస్టర్ల తరఫున కూడా ఒక మాట చెప్పాలి. ఎందుకు ఇట్ల అవుతుందో మాకు లోపలి నుంచి తెలుసు. "నిర్వచించండి" అన్న ప్రశ్నను ఎవరు దిద్దినా మార్కులు ఒకేలా వస్తాయి, రీవాల్యుయేషన్‌లో గొడవ ఉండదు. రోగితో ఎట్ల మాట్లాడాడు అన్నదానికి మార్కులేస్తే "మావాడికి తక్కువెందుకు?" అని పెద్దవాళ్లు వస్తారు. పైగా వేళ చాలదు. సోమరితనం కొంత, భయం కొంత, టైము లేకపోవడం చాలా.

ఈ ఆలోచనలన్నిటి తర్వాత మొదలుపెట్టిందే మన హాల్లో ఆదివారం పని. స్కాట్లాండులోని డండీలో రోనాల్డ్ హార్డెన్ అనే వైద్య అధ్యాపకుడు 1975లో ఒక పద్ధతి రాశారు. పరీక్షను చిన్న చిన్న బల్లలుగా విడగొట్టి, ఒక్కో బల్ల దగ్గర ఒక్కో పని చేయిస్తారు. గంట కొడితే తర్వాతి బల్లకు పోవాలి. ప్రతి బల్ల దగ్గరా ముందే రాసుకున్న జాబితా ప్రకారమే మార్కులు. డాక్టరు చదువుల్లో ప్రపంచమంతా వాడేదే. మేము దాన్ని మన బంగారుపేటకు సరిపడా చేసుకున్నాము. ఆరు బల్లలు, ఒక్కోదానికి ఎనిమిది నిమిషాలు. రోగులుగా మన సంఘం అవ్వలు, తాతలు. అందుకే ఆ దగ్గులు!

మొదటి బల్ల మామది. అంటే ఇన్‌హేలర్. రెండోది జ్వరం వచ్చిన పసిబిడ్డకు సిరప్ మోతాదు లెక్క. మూడోది తప్పున్న చీటీ: కీళ్లవాతానికి వారానికి ఒక్కసారి వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్‌ను రోజూ అని రాసి ఉంటుంది. అది పట్టుకోకపోతే ప్రాణం మీదికి వస్తుంది. నాలుగోది ఫ్రిజ్ లేని ఇంట్లో ఇన్సులిన్ ఎట్ల పెట్టుకోవాలి, ఫ్రిజ్ ఉన్న ఇంట్లో గడ్డకట్టే అరలో ఎందుకు పెట్టకూడదు అన్నది. అయిదోది ఓఆర్‌ఎస్ పొట్లం: లీటరు నీళ్లకు కలిపేదా, 200 మిల్లీలీటర్లకు కలిపేదా చదివి చెప్పాలి. ఆరోది చీటీ లేకుండా యాంటీబయాటిక్ ఇవ్వమని గట్టిగా అడిగే మనిషికి, కోపం తెప్పించకుండా లేదనడం.

మొదటి ఆదివారం పన్నెండుమంది వచ్చారు. ఎక్కువమంది పొద్దున్నే రైలెక్కి బెంగళూరుకో, బస్సెక్కి కోలారుకో పోయి చదివేవాళ్లు. వాళ్లలో ఇద్దరి గురించి చెప్పాలి.

ఒక పాప, కాలేజీలో మొదటి ర్యాంకు. ఇన్‌హేలర్ బల్ల దగ్గర అవ్వకు మందు పేరు, అది గొట్టాలను ఎట్ల వదులు చేస్తుందో, దుష్ప్రభావాలు, అన్నీ గడగడా చెప్పింది. అవ్వ తల ఊపింది. పాప "అర్థమైందా అవ్వా?" అంది. అవ్వ "అయింది తల్లీ" అంది. బెల్లు మోగింది. పరికరం బల్ల మీదనే ఉంది, దాన్ని ఇద్దరూ ముట్టుకోలేదు.

ఒక పిల్లవాడు, రెండు సబ్జెక్టులు మిగిలిపోయినవాడు. వాడికి మన తెలుగుతో పాటు కన్నడ, తమిళం, ఉర్దూ అన్నీ వచ్చు. అవ్వ పక్కన కూర్చొని, క్యాప్సూల్ పరికరంలో పెట్టి, తిప్పి చూపించాడు. "ముందు బయట గాలిలోకి ఊపిరి వదులు అవ్వా, దీంట్లోకి ఊదొద్దు. పెదాలు గట్టిగా మూసి, ఒక్క దెబ్బన లోపలికి లాగు. పది లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టు" అన్నాడు. దాని తర్వాత "ఇప్పుడు నువ్వు చేయి, నేను చూస్తా" అన్నాడు. అవ్వ మొదటి తూరి ఊదేసింది. రెండో తూరి సరిగ్గా చేసింది. క్యాప్సూల్ తీసి లోపల పొడి మిగిలిందేమో చూశాడు. చివర్లో నోరు పుక్కిలించమన్నాడు.

మేము పొంగిపోయాము. పుస్తకం చదువుకు విలువ లేదు, చేతి పనే గొప్ప అని ఆ నిమిషంలో అనేసేవాళ్లమేమో. పది నిమిషాల్లో వాడే మా కళ్లు తెరిపించాడు. సిరప్ బల్ల దగ్గర, 12 కిలోల బిడ్డ. కిలోకు 15 మిల్లీగ్రాముల లెక్కన 180 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఇవ్వాలి. మేము బల్ల మీద పెట్టింది 5 మిల్లీలీటర్లకు 250 మిల్లీగ్రాములుండే సీసా. ఇవ్వాల్సింది 3.6 మిల్లీలీటర్లు. వాడు సీసా మీది అంకె చూడకుండా, 5 మిల్లీలీటర్లకు 120 అని అలవాటుగా అనుకొని, 7.5 మిల్లీలీటర్లు పోయమన్నాడు. అంటే బిడ్డకు 375 మిల్లీగ్రాములు, రెండింతలకు పైగా. అంత ప్రేమగా, అంత స్పష్టంగా, ఆ తల్లికి బాగా అర్థమయ్యేటట్టు తప్పు మోతాదు చెప్పాడు. ర్యాంకు పాప అదే లెక్క అర నిమిషంలో సరిగ్గా చేసింది.

రాత పరీక్ష ఒక్కటే పెట్టి ఉంటే ఆ పాప ఫస్టు, వాడు ఫెయిలు. ఇన్‌హేలర్ ఒక్కటే పెట్టి ఉంటే తలకిందులు. నిజానికి ఆ రోజు అంగడిలో నిలబడటానికి ఇద్దరూ సిద్ధంగా లేరు, ఇద్దరికీ ఏం తక్కువైందో ఇద్దరికీ తెలిసిపోయింది. మంచి పరీక్ష అంటే అదే అని మాకు అనిపించింది. రాత పరీక్ష వద్దని మేము అనడం లేదు. లెక్కలు, మందుకూ మందుకూ పడనివి, చట్టం, ఇవి కాగితం మీద బాగానే పరీక్షించవచ్చు. ఏ లక్ష్యానికి ఏ పరీక్ష సరిపోతుందో చూసి పెట్టాలన్నదే మా మాట.

మేమూ తప్పులు చేశాము. మొదటి రోజు ఒకే పిల్లవాడికి మాలో ఒకరు పదికి ఎనిమిది వేస్తే ఇంకొకరు అయిదు వేశారు. ఇంట్లో ఆ రాత్రి చిన్న యుద్ధమే జరిగింది. ఒకరు చక్కటి భాషకు మార్కులేశారు, ఒకరు చేతికి వేశారు. తర్వాత కూర్చొని ఒక్కో బల్లకు పది పనుల జాబితా రాసుకున్నాము. చేశాడా, చేయలేదా, అంతే. జాబితాలో చివరిది "రోగి చేత చేయించి చూశాడా?" అది లేకపోతే మిగతా తొమ్మిదీ ఉన్నా ఆ బల్ల పాస్ కాదు. అప్పటి నుంచి మా ఇద్దరి మార్కులూ దగ్గరికొచ్చాయి, ఇంట్లో శాంతి కూడా వచ్చింది.

కాలేజీలో ఇది చేయడం కుదిరే పనేనా అని అడుగుతారు. లెక్క మేమే చెప్తాము. అరవైమంది తరగతి అయితే ఆరుగురు చొప్పున పది జట్లు. ఒక్కో జట్టుకు 48 నిమిషాలు. మొత్తం ఎనిమిది గంటలు, ఆరుగురు మాస్టర్లు, ఆరుగురు రోగులు. ఏడాదికి ఒక్క రోజు పెట్టగలిగితే పెట్టాలి. పెట్టలేకపోతే రెండు చిన్న పనులు చేయవచ్చు. ప్రాక్టికల్ పరీక్షలో రాసే సారాంశం కొంత తగ్గించి, ఒక ఇన్‌హేలరో, కంటి చుక్కలో చేతికిచ్చి చూపించమనాలి. థియరీలో ఒక్క అయిదు మార్కుల ప్రశ్న మార్చాలి. "ఏరోసాల్స్ లాభనష్టాలు రాయండి" బదులు, "డెబ్బై ఏండ్ల మాజీ గని కార్మికుడికి పీల్చే క్యాప్సూళ్లు రాశారు. ఆయనకు చదువు రాదు. ఏ వరసలో ఏం చెప్తారు? ఆయనకు అర్థమైందని ఎట్ల తెలుసుకుంటారు?" అని అడగాలి. దిద్దడానికి అంతే వేళ పడుతుంది. చదివే పద్ధతే మారిపోతుంది.

ఇంకో సంగతి కూడా మన పిలకాయలకు ముందే తెలియాలి. డీఫార్మ్ ఎగ్జిట్ ఎగ్జామినేషన్ రెగ్యులేషన్స్ 2022 ఫిబ్రవరిలో వచ్చాయి. ఫార్మసిస్టుగా రిజిస్టర్ కావాలంటే కాలేజీ పరీక్ష మీద ఇంకో పరీక్ష అని. మూడు పేపర్లు, జవాబు ఎంచుకునే ప్రశ్నలు, ఇంగ్లీషులో, ఒక్కో పేపర్లో 50 శాతం రావాలి. అన్ని చోట్లా ఒకే కొలత ఉండాలన్నది సరైనదే. మంచి ప్రశ్నలైతే సిరప్ లెక్కనూ, మెథోట్రెక్సేట్ చీటీనీ అందులో పట్టుకోవచ్చు. కానీ నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తుపెట్టేవాడు అవ్వ చేత పరికరం పట్టిస్తాడా లేదా అన్నది ఆ కాగితం చెప్పలేదు. ఆ పరీక్షకు బాగా చదవండి. చేతి పనిని మాత్రం దాని కోసం వదిలేయకండి. మన జిల్లాలో అంగడి ముందు నిలబడేవాళ్లు ఇంగ్లీషులో అడగరు. పల్లె నుంచి వచ్చినాయన తెలుగులో, కేజీఎఫ్ అమ్మ తమిళంలో, ఇంకొకరు కన్నడలో, ఉర్దూలో అడుగుతారు. ఏ ప్రశ్నపత్రమూ దీనికి మార్కులు వేయదు. మన పిలకాయలకు ఇది పుట్టుకతో వచ్చిన ఆస్తి. దాన్ని మనమైనా లెక్కలోకి తీసుకుందాము.

మామ ఆ తర్వాత నాలుగేండ్లున్నారు. పరికరం చొక్కా జేబులోనే పెట్టుకొని తిరిగేవారు. ఇంటికి ఎవరొచ్చినా తీసి, తిప్పి, పీల్చి, పది లెక్కపెట్టి చూపించేవారు. బస్టాండులో పానీపూరీ తినడానికి మమ్మల్ని తీసుకుపోయి అక్కడ కూడా ఒక తూరి చూపించారు. అంగడిలో ఉన్న మా పాత విద్యార్థి మీద ఆయనకు ఒక్కనాడూ కోపం రాలేదు. "వాడు ఇచ్చినాడు, నేను మింగినా. మధ్యలో అడిగేవాడు లేకపోయె" అనేవారు. ఆ విద్యార్థే ఇప్పుడు మన హాల్లో మొదటి బల్ల దగ్గర పరీక్షకుడు. మనస్ఫూర్తిగా వస్తాడు, ఆదివారం అంగడి వేరేవాళ్లకు అప్పజెప్పి వస్తాడు.

ఇక మీ దగ్గర అడగాల్సినవి మూడు. మొదటిది, అరవై దాటిన అవ్వలు, తాతలు రోగులుగా రావాలి. నటించడం రాకపోయినా ఫరవాలేదు, అర్థం కాకపోతే అర్థం కాలేదని నిజం చెప్తే చాలు. రెండోది, మన సంఘంలో అంగళ్లు నడిపే ఫార్మసిస్టులు నెలకు ఒక ఆదివారం మూడు గంటలు ఇవ్వాలి, వాడేసిన ఖాళీ పరికరాలు, డబ్బాలు పారేయకుండా మాకు ఇవ్వాలి. మూడోది, ఇంట్లో ఫార్మసీ చదివే బిడ్డ ఉంటే ఎన్ని మార్కులొచ్చాయని అడిగిన తర్వాత ఇంకో ప్రశ్న అడగండి: "ఈ వారం నేర్చుకున్నదాంట్లో ఒకటి నాకు చేసి చూపించు." మీకు బీపీ మాత్రలో, కంటి చుక్కలో ఉంటే వాటితోనే మొదలుపెట్టమనండి.

వచ్చే నెల రెండో ఆదివారం పొద్దున పది గంటలకు హాల్లో కలుద్దాము. కాఫీ, ఇడ్లీ సంఘం తరఫున. దగ్గడానికి సిద్ధపడి రండి.

ఇట్లు,
మీ ఇద్దరు మందులవాళ్లు, బంగారుపేట